ప్యాకెట్ మీద చోటు సరిపోవట్లేదు, వివరాలన్నీ క్యూఆర్ కోడ్‌లో పెట్టేస్తే నడుస్తదా?

దేవరకొండ_పొడులు

అందరికీ నమస్కారం. మాది దేవరకొండ. మా సంఘంలో ఆడవాళ్లం కొందరం కలిసి కందిపొడి, పల్లీల పొడి, నువ్వుల పొడి, ఎల్లిగడ్డ కారం చేసి అమ్ముతున్నాం, ఎండాకాలంలో మామిడికాయ తొక్కు కూడా. ఇన్ని రోజులూ తెలిసిన కిరాణా షాపులకూ చుట్టాల ద్వారా హైదరాబాద్‌కూ పోయేవి. ఇప్పుడు నల్లగొండలో ఒక సూపర్ మార్కెట్ వాళ్లు 100 గ్రాముల స్టాండప్ పౌచ్‌లో ఇస్తే తీసుకుంటామన్నారు. ఫుడ్ రిజిస్ట్రేషన్ ఉంది, నంబరు ఉంది, దాని గురించి టెన్షన్ లేదు.

సమస్య పౌచ్ డిజైన్ దగ్గర వచ్చింది. డిజైన్ చేసే అబ్బాయి ముందు వైపు మొత్తం పెద్ద ఫోటో, మా పేరు పెట్టి, వెనక వైపు ఒక క్యూఆర్ కోడ్, కింద ఎమ్మార్పీ, బరువు, అంతే పెట్టాడు. వేసిన పదార్థాలు, పోషకాల పట్టిక, అడ్రసు, ఫోన్ నంబరు అన్నీ స్కాన్ చేస్తే వస్తాయంట. "ఇప్పుడు గవర్నమెంటే క్యూఆర్ కోడ్ పెట్టుకోవచ్చని చెప్పింది అక్కా, మందుల మీద కూడా అదే కదా" అంటున్నాడు. చూడడానికి పౌచ్ మస్తు బాగుంది, కానీ నాకు మనసు ఒప్పట్లేదు. ప్రూఫ్, అంటే అచ్చుకు ముందు చూపించే నమూనా, ఇంకా ఓకే చెయ్యలేదు. పౌచ్ అచ్చు వేసే సిలిండర్ చేయించాక మార్చాలంటే మళ్లీ డబ్బులు కట్టాలి కాబట్టి ముందే అడుగుతున్నా. నిజంగానే అట్ల రూల్ ఉందా? ఏవి అచ్చు వెయ్యాలి, ఏవి కోడ్‌లో పెట్టొచ్చు? మా దగ్గర కొనేవాళ్లు తెలుగే చదువుతారు, లేబుల్ మొత్తం తెలుగులో వేసుకోవచ్చా? తెలిసినవాళ్లు చెప్పండి.

లేబుల్స్_పాలమూరు

అక్కా, నడవదు. ప్రూఫ్ ఓకే చెయ్యకండి.

నేను మహబూబ్‌నగర్ నుంచి, చిన్న ఫుడ్ యూనిట్లకు లేబుళ్లు చూసిపెట్టే పని చేస్తా. మీ డిజైనర్ మాటలో కొంచెం నిజం ఉంది. 2022 జులైలో ప్యాకేజ్డ్ కమోడిటీస్ రూల్స్‌కు, అంటే తూనికలు కొలతల శాఖ వాళ్లు చూసే 2011 రూల్స్‌కు, ఒక సవరణ వచ్చింది. ఎలక్ట్రానిక్ వస్తువులు చేసేవాళ్లు కొన్ని వివరాలను పెట్టె మీద వెయ్యకుండా క్యూఆర్ కోడ్ ద్వారా ఇవ్వొచ్చన్నారు, అదీ మొదట ఒక ఏడాదికే. తయారీదారు అడ్రసు, వస్తువు సాధారణ పేరు, సైజు కొలతలు, కస్టమర్ కేర్‌లో ఫోన్ నంబరూ ఈమెయిలూ తప్ప మిగతావి. ఎమ్మార్పీ, పరిమాణం, ఫోన్, ఈమెయిల్ వాళ్లకు కూడా పెట్టె మీదే ఉండాలి. అది చార్జర్లకూ ఇయర్‌ఫోన్లకూ ఇచ్చిన వెసులుబాటు, తినే వస్తువుకు ఇచ్చింది కాదు.

తినే వస్తువు ప్యాకెట్‌కు రెండు రూల్స్ ఒకేసారి పడతాయి. ఒకటి ఈ తూనికలు కొలతల రూల్స్, రెండోది ఎఫ్ఎస్ఎస్ఏఐ, అంటే ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ, వాళ్ల 2020 లేబులింగ్ రెగ్యులేషన్స్. ఎఫ్ఎస్ఎస్ఏఐ కూడా 2023 అక్టోబర్‌లో క్యూఆర్ కోడ్ పెట్టమని కంపెనీలకు ఒక సూచన ఇచ్చింది, మీ అబ్బాయి విన్నది అదే అయ్యుండొచ్చు. కానీ అది చూపు లేనివాళ్లు స్కాన్ చేసుకుని వివరాలు వినేందుకు చెప్పింది. కోడ్ పెట్టినంత మాత్రాన లేబుల్ మీద తప్పనిసరిగా ఉండాల్సిన వివరాలు తీసెయ్యడానికి లేదని అందులోనే స్పష్టంగా రాశారు. ఈ రెండో వాక్యం ఎవరూ చెప్పరు.

ఇక మీ పౌచ్ మీద అచ్చులో ఉండాల్సినవి. ముందు వైపు వస్తువు పేరు, ఆకుపచ్చ చతురస్రంలో ఆకుపచ్చ చుక్క ఉండే శాకాహార గుర్తు, నికర బరువు. మిగతా చోట పదార్థాల పట్టిక, ఎక్కువ వేసింది ముందు, తక్కువ వేసింది చివర, బరువు లెక్కన దిగుతూ రావాలి. పోషకాల పట్టిక. మీ పేరు, పిన్‌కోడ్‌తో సహా పూర్తి అడ్రసు. ఎఫ్ఎస్ఎస్ఏఐ గుర్తు, కింద 14 అంకెల నంబరు. బ్యాచ్ నంబరు, తయారైన తేదీ, ఎక్స్‌పైరీ లేదా యూజ్ బై తేదీ. "బెస్ట్ బిఫోర్ ఇన్ని నెలలు" అని ఒక్కటే రాసి వదిలెయ్యడం పాత పద్ధతి, ఇప్పుడు అది కావాలంటే అదనంగా వేసుకునేదే. ఎమ్మార్పీ, అన్ని పన్నులతో కలిపి అని. దాని పక్కన యూనిట్ ధర కూడా, చాలామంది ఇది మర్చిపోతున్నారు. కిలో లోపు ప్యాకెట్‌కు గ్రాముకు ఎంతో రాయాలి, అంటే మీ 100 గ్రాములు రూ.60 అయితే గ్రాముకు రూ.0.60. ఫిర్యాదు చెయ్యడానికి ఫోన్, ఈమెయిల్.

పోషకాల పట్టిక గురించి ఒక మాట. ఉత్త పసుపు, ఉత్త కారం లాంటి మసాలాలకు అది అక్కర్లేదు, మినహాయింపు ఉంది. కానీ మీ కందిపొడిలో పప్పుంది, పల్లీల పొడిలో పల్లీలే ఎక్కువ, కాబట్టి మసాలా అని చెప్పి తప్పించుకునే పని నేనైతే చెయ్యను, ఒకసారి ల్యాబ్‌లో చేయించి పట్టిక వెయ్యండి. 100 చదరపు సెంటీమీటర్ల లోపు ఉండే చిన్న ప్యాకెట్లకు కూడా కొన్ని మినహాయింపులున్నాయి గానీ మీ పౌచ్ ఒక్క వైపే 100 దాటుతుంది, అది మీకు వర్తించదు.

అన్నిటికంటే ముఖ్యం, పల్లీలు. పల్లీలు అలర్జీ జాబితాలో ఉన్నాయి. ఒకే మిక్సీలో, ఒకే గిర్నీలో పల్లీల పొడీ కందిపొడీ పడుతున్నారంటే, పల్లీలు వెయ్యని పొడి మీద కూడా పల్లీల జాడ ఉండొచ్చని రాయడం మంచిది. ఈ వాక్యం ఎట్టి పరిస్థితుల్లోనూ క్యూఆర్ కోడ్ వెనక ఉండకూడదు. పల్లీలు పడని పిల్లవాడికి అన్నంలో పొడి కలిపి పెట్టే తల్లి ముందు ఫోన్ తీసి స్కాన్ చేస్తుందని ఎట్ల అనుకుంటాం?

భాష సంగతి. ఉత్త తెలుగు లేబుల్ చెల్లదు. తప్పనిసరి వివరాలు ఇంగ్లీషులో గానీ దేవనాగరి హిందీలో గానీ ఉండాలి, వాటికి తోడు తెలుగు ఎంతైనా వేసుకోవచ్చు. మీకు క్యూఆర్ కోడ్ నిజంగా పనికొచ్చేది ఇక్కడే. ప్యాకెట్ మీద ఇంగ్లీషులో చిన్నగా ఉన్నదంతా స్కాన్ చేస్తే పెద్ద అక్షరాల్లో తెలుగులో రావాలి, పొడి ఎట్ల నిల్వ పెట్టాలో, తడి చెంచా ఎందుకు పెట్టొద్దో అందులో రాయండి.

2009 తూనికలు కొలతల చట్టం సెక్షన్ 36లో ఇలాంటి ప్యాకెట్‌కు మొదటిసారి 25 వేల రూపాయల దాకా జరిమానా రాశారు. మీలాంటి యూనిట్‌కు ఒక నెల కష్టం పోతుంది. ఫోటో చిన్నది చేయించండి, చోటు అదే వస్తుంది.

వనపర్తి_మెడికల్

మందుల మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా, మాది మెడికల్ షాపు. 2023 ఆగస్టు 1 నుంచి తయారైన వాటిలో 300 బ్రాండ్ల మందులకు బార్‌కోడ్ లేదా క్యూఆర్ కోడ్ తప్పనిసరి చేశారు, డ్రగ్స్ రూల్స్‌లో హెచ్2 అనే షెడ్యూల్ పెట్టి. డోలో 650, థైరోనార్మ్ లాంటివి అందులో ఉన్నాయి. స్కాన్ చేస్తే మందు పేరు, జెనరిక్ పేరు, తయారీదారు పేరు అడ్రసు, బ్యాచ్, తయారైన తేదీ, ఎక్స్‌పైరీ, లైసెన్స్ నంబరు వస్తాయి. అయితే అది నకిలీ మందులు పట్టుకోవడానికి పెట్టింది. స్ట్రిప్ మీద అచ్చులో ఉండేవి ఒక్కటి కూడా తియ్యలేదు. కావాలంటే ఇంట్లో ఉన్న స్ట్రిప్ తిప్పి చూడండి అక్కా, పేరు, బ్యాచ్, ఎక్స్‌పైరీ, ధర అన్నీ అట్లనే ఉంటాయి, కోడ్ వాటి పక్కన ఉంటుంది. మీ డిజైనర్‌కు ఆ స్ట్రిప్పే చూపించండి.

జడ్చర్ల_హోల్‌సేల్

నేను కొంచెం వేరేగా చెప్తా, ఎవరూ ఏమీ అనుకోవద్దు. రూల్ ఏముందో పాలమూరు అన్న చెప్పింది కరెక్టే. కానీ రూల్ అట్ల ఉండడం చిన్నవాళ్లకు న్యాయమేనా? పెద్ద కంపెనీకి లేబుల్ మార్చడం ఒక లెక్క కాదు. ఒక ఊర్లో పొడులు చేసుకునేవాళ్లకు పదార్థం ఒకటి మారినా, ఫోన్ నంబరు మారినా పౌచ్‌ల స్టాక్ మొత్తం పక్కన పడెయ్యాలి. అదే కోడ్‌లో ఉంటే ఒక్క రాత్రిలో మార్చుకోవచ్చు. ఇప్పుడు ఊర్లల్లో కూడా ఫోన్ లేని ఇల్లు లేదు, కూరగాయల బండి మీద కూడా స్కాన్ చేసే డబ్బులిస్తున్నారు. అందరికీ వచ్చిన పని అది. ఒక్క 1 మిల్లీమీటరు అక్షరాలు అచ్చేసి చదువుకో అంటే ఎవరు చదువుతున్నారు? కోడ్‌లో పెద్దగా చూపిస్తేనే కదా చదివేది. ఎలక్ట్రానిక్ వాళ్లకు ఇచ్చింది మనకు ఎందుకు ఇవ్వరు?

లేబుల్స్_పాలమూరు

అన్నా, మీరు చెప్పిన కష్టం నిజం, పౌచ్‌లు మిగిలిపోయి బాధపడేవాళ్లను రోజూ చూస్తున్నా. చిన్న అక్షరాలు చదవలేరన్నదీ నిజమే. కానీ కోడ్‌తో ఉన్న సుఖం అని మీరు చెప్పారే, ఒక్క రాత్రిలో మార్చుకోవచ్చని, నాకు అదే భయం. ప్యాకెట్ మీద అచ్చు అయింది అంటే ప్యాక్ చేసిన రోజున కొనేవాడికి ఇచ్చిన మాట అది, తర్వాత మార్చడానికి వీల్లేదు. లింకు వెనక ఉన్నది అట్ల కాదు. పిల్లవాడికి పొడి పడక ఆసుపత్రికి తీసుకుపోతే, ఆ సాయంత్రమే పేజీలో "పల్లీలు ఉన్నాయి" అని చేర్చి ఎప్పటినుంచో ఉందని చెప్తే ఏం రుజువు చూపిస్తారు? మీలాంటి మంచివాళ్లు అట్ల చెయ్యరు, కానీ రూల్ అందరికీ రాయాలి కదా. ఎమ్మార్పీ మీదనే చూడండి. 2011 రూల్స్‌లో స్టిక్కర్ అంటించి వివరాలు మార్చడానికి వీల్లేదని రాశారు, ధర తగ్గించడానికి మాత్రం స్టిక్కర్ వెయ్యొచ్చు, అప్పుడు కూడా పాత ధర కనపడాలి, దాన్ని మూసెయ్యకూడదు. స్టిక్కర్‌కే అంత కట్టుదిట్టం ఉన్నప్పుడు కంటికి కనపడకుండా మారిపోయే పేజీకి ఎట్ల ఒప్పుకుంటారు.

ఫోన్ ప్రతి ఇంట్లో ఉంది, కానీ ప్రతి మనిషి చేతిలో లేదు. కొనడానికి వచ్చేది ముసలమ్మ. అమ్రాబాద్ వైపు, నల్లమల అంచున ఉండే ఊర్లల్లో సిగ్నల్ కోసం గుట్ట ఎక్కేవాళ్లున్నారు. డబ్బులిచ్చేటప్పుడు స్కాన్ చెయ్యడం వేరు, షాపులో నిలబడి నాలుగు ప్యాకెట్లు స్కాన్ చేసి పోల్చుకోవడం వేరు.

ఎలక్ట్రానిక్ వాళ్లకు ఎందుకిచ్చారంటే, చార్జర్ పెట్టె మీద తయారీదారు పూర్తి అడ్రసు లేకపోతే కొనేవాడి ప్రాణానికి ఏమీ కాదు.

మిర్యాలగూడ_ప్రింట్స్

ప్రింటింగ్ వైపు నుంచి నేను రాస్తా, ఎందుకంటే కోడ్ పెట్టాలని నిర్ణయించుకున్నాక చెడిపోయేది ఇక్కడే. మాది లేబుళ్లు, పౌచ్‌ల పని, రైస్ మిల్లుల బ్యాగులు కూడా చూస్తాం.

అక్కా, మీ అబ్బాయి వివరాలన్నీ కోడ్ లోపలే అక్షరాలుగా నింపాడా, లేకపోతే ఒక లింకు పెట్టాడా అడగండి. ఈ తేడా చాలా పెద్దది. కోడ్‌లో ఎంత ఎక్కువ రాస్తే గళ్లు అంత ఎక్కువ అవుతాయి. తెలుగు అయితే ఇంకా ఎక్కువ, ఎందుకంటే ఇంగ్లీషు అక్షరం ఒక బైట్ తీసుకుంటే తెలుగులో అచ్చు, హల్లు, గుణింతపు గుర్తు ప్రతిదీ మూడు బైట్లు. 400 గుర్తులున్న తెలుగు పేరా అంటే 1,200 బైట్లు, దానికి అడ్డం 117, నిలువు 117 గళ్లున్న కోడ్ కావాలి. చుట్టూ నాలుగు గళ్లంత తెల్ల చోటు వదలాలి, వదలకపోతే ఫోన్ పట్టదు. అంతా కలిపి 2 సెంటీమీటర్లలో వేస్తే ఒక్కో గడి 0.16 మిల్లీమీటర్లు వస్తుంది. పౌచ్ ఫిల్మ్ మీద ఇంకు కొంచెం పాకితే చాలు, పక్క గడితో కలిసిపోతుంది. అదే 30, 40 అక్షరాల లింకు అయితే 29 గళ్ల కోడ్ సరిపోతుంది, అదే 2 సెంటీమీటర్లలో ఒక్కో గడి అర మిల్లీమీటరు దాటి వస్తుంది, నలిగినా స్కాన్ అవుతుంది. కాబట్టి చిన్న లింకు పెట్టండి. 2 సెంటీమీటర్ల కోడ్ జానెడు దూరం నుంచి ఫోన్ హాయిగా చదువుతుంది, అంతకంటే తగ్గించకండి.

తప్పు దిద్దుకునే స్థాయి అని ఒకటి ఉంటుంది, ఎల్, ఎమ్, క్యూ, హెచ్. ఎల్ అయితే కోడ్‌లో 7 శాతం దాకా పాడైనా చదువుతుంది, ఎమ్ 15, క్యూ 25, హెచ్ 30. పొడి ప్యాకెట్‌కు ఎమ్ లేదా క్యూ పెట్టమనండి, తొక్కు ప్యాకెట్‌కు నూనె చేతులు పడతాయి కాబట్టి క్యూ తప్పక పెట్టమంటా. మధ్యలో లోగో పెట్టి అందం చెయ్యొద్దు.

రంగు. మీ పౌచ్ పారదర్శకంగా ఉండి వెనక ఎర్ర కారం కనపడుతుంటే నల్ల గళ్లకూ వెనకనున్న ఎరుపుకూ తేడా ఫోన్‌కు అందదు. కోడ్ కింద తప్పకుండా తెల్ల ప్యాచ్ వేయించండి. వెండి రంగు ఫిల్మ్ అయినా అంతే, లైటు కింద మెరిసి చదవనివ్వదు. సీలింగ్ పడే అంచుకూ, నిలబడ్డప్పుడు అడుగున మడత పడే చోటుకూ దూరంగా పెట్టాలి.

ఉచితంగా క్యూఆర్ కోడ్ చేసిచ్చే సైట్ల దగ్గర జాగ్రత్త. మా దగ్గరికి సూర్యాపేట నుంచి వచ్చే ఒక స్వీట్ల షాపాయన అట్లాంటి సైట్‌లో మార్చుకోగలిగే కోడ్ చేయించాడు. ట్రయల్ గడువు అయిపోయాక స్కాన్ చేస్తే డబ్బులు కట్టమని పేజీ వస్తోంది, డబ్బాలేమో అప్పటికే షాపుల్లో ఉన్నాయి. కోడ్ ఎప్పుడూ మీ సొంత డొమైన్‌కు, అంటే మీ పేరు మీద తీసుకున్న వెబ్ అడ్రసుకు పోవాలి. ఆ తర్వాత లోపల పేజీ ఎక్కడికి మార్చుకున్నా అచ్చు పాడవ్వదు. కోడ్ పక్కన "వివరాల కోసం స్కాన్ చెయ్యండి" అని తెలుగులో రాయండి, లేకపోతే జనం ఫోన్‌పేలో స్కాన్ చేసి డబ్బులు పోవట్లేదని షాపాయన్ని అడుగుతారు, ఇది నిజంగా జరుగుతోంది.

ఇంకోటి, సూపర్ మార్కెట్ వాళ్లు బిల్లింగ్‌కు అడిగేది గీతల బార్‌కోడ్, మన దేశంలో జీఎస్1 అనే బార్‌కోడ్ నంబర్ల సంస్థ ఇచ్చేవి 890తో మొదలవుతాయి. 2027 చివరికల్లా కౌంటర్ల దగ్గర క్యూఆర్ లాంటి కోడ్‌లు కూడా చదవగలిగేలా చెయ్యాలని జీఎస్1 ప్రయత్నిస్తోంది కానీ ఇవాళ మన ఊర్ల కౌంటర్లలో ఎక్కువగా గీతలే చదువుతాయి. రెండింటికీ చోటు ఉంచండి, రెండూ పక్కపక్కనే కాకుండా కొంచెం ఎడంగా.

కొల్లాపూర్_టీచర్

ఎఫ్ఎస్ఎస్ఏఐ సూచన మాలాంటి వాళ్ల కోసం అని పాలమూరు గారు రాశారు, సంతోషం, ఎందుకంటే ఆ మాట ఎక్కడా వినపడదు. నాకు చూపు లేదు. ఫోన్ తెర మీది అక్షరాలను చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌తో ఈ చర్చ మొత్తం విన్నాను.

అమ్మా, మీరు కోడ్ పెడుతున్నారు కాబట్టి మా వైపు నుంచి కొన్ని అడుగుతాను. స్కాన్ చేస్తే వచ్చే పేజీలో వివరాలు అక్షరాలుగా ఉండాలి. లేబుల్ ఫోటో తీసి పేజీలో పెడితే మా ఫోన్ "చిత్రం" అని చెప్పి ఊరుకుంటుంది. పీడీఎఫ్‌లో స్కాన్ చేసిన కాగితం పెట్టినా అంతే. యాప్ డౌన్‌లోడ్ చేసుకోమని, ఫోన్ నంబరు ఇవ్వమని అడిగే పేజీ వద్దు. పేజీ తెలుగులో ఉందని పేజీ చేసే అబ్బాయి లోపల భాషను సరిగ్గా గుర్తించి పెట్టాలి, అప్పుడే ఫోన్ తెలుగు గొంతుతో చదువుతుంది, లేకపోతే ఇంగ్లీషు గొంతుతో తెలుగు చదివి ఏమీ అర్థం కాదు. అలర్జీ వివరం పేజీలో అన్నిటికంటే పైన ఉండాలి, మీ కథ, మీ సంఘం ఫోటోలు కింద ఉండొచ్చు, అవీ వింటాం.

కోడ్ ఎక్కడుందో మాకు చేత్తో తెలియదు. ప్యాకెట్ మొత్తం కెమెరా ముందు తిప్పుతూ ఉంటాం. అన్ని పొడులకూ ఒకే మూలన పెట్టండి, ఒక్కసారి దొరికితే తర్వాత అలవాటవుతుంది. ఆ మూల దగ్గర అంచుకు చిన్న గాటు పెట్టగలిగితే ఇంకా మేలు.

అన్నిటికంటే నాకు కావాల్సింది ఎక్స్‌పైరీ తేదీ. అన్ని ప్యాకెట్ల మీదా ఒకే కోడ్ ఉంటే ఆ పేజీకి నా చేతిలో ఉన్న ప్యాకెట్ ఎప్పుడు తయారైందో తెలియదు. ఇంట్లో ఇంకొకరు చదివి చెప్పే దాకా ఆగాలి. దీనికి ఏమైనా చెయ్యగలరా?

మిర్యాలగూడ_ప్రింట్స్

సార్, చెయ్యొచ్చు. పౌచ్ మీద శాశ్వతంగా అచ్చయ్యే కోడ్‌తో ఇది కుదరదు, కానీ బ్యాచ్ నంబరూ తేదీలూ ఎట్లాగూ ప్యాకింగ్ రోజునే విడిగా కొట్టాలి కదా. ఆ బ్యాచ్ ముద్రతో పాటే క్యూఆర్ కోడ్ కూడా కొట్టే థర్మల్ ట్రాన్స్‌ఫర్ ప్రింటర్లున్నాయి, అందులో బ్యాచ్ నంబరు కలిసిన లింకు వస్తుంది, పేజీ ఆ బ్యాచ్ తేదీలు చెప్తుంది. ఉత్త థర్మల్ పేపర్ స్టిక్కర్ వద్దు, నూనె, వేడి తగిలితే అక్షరాలు మాయమవుతాయి, రిబ్బన్ ఉండే మిషన్ తీసుకోవాలి. ఒకేసారి అంత ఖర్చు కుదరదంటే, పేజీలో బ్యాచ్ నంబర్లు, వాటి ఎదురుగా తేదీలు పట్టికలా పెట్టినా కొంత నయం, కానీ బ్యాచ్ నంబరు ఎవరో ఒకరు చదివి చెప్పాలి.

నడిగడ్డ_రైతు

మాది గద్వాల దగ్గర. ఇది పొడుల చర్చ అయినా ఒక మాట రాయాలనిపించింది. మా దిక్కు పత్తి విత్తనం పండిస్తాం, నకిలీ విత్తనాలతో మోసపోయిన ఊర్లు కూడా మా చుట్టుపక్కలే ఉన్నాయి. కేంద్రం 2023 ఏప్రిల్‌లో సాథీ అని ఒక పోర్టల్ తెచ్చింది, విత్తనం ఎక్కడ తయారైంది, ఎవరి చేతులు మారి వచ్చింది అన్నది సంచి మీది క్యూఆర్ కోడ్‌తో తెలిసేటట్టు. మంచి పనే. కానీ కొంతమంది రైతులు సంచి మీద కోడ్ కనపడితే చాలు అసలుది అనుకుంటున్నారు. కోడ్ బొమ్మే కదా, ఫోటో తీసి వెయ్యి సంచుల మీద కొట్టొచ్చు. స్కాన్ చేస్తే వచ్చిన లాట్ నంబరు, రకం పేరు, గడువు సంచి మీద అచ్చయిన దానితోనూ ట్యాగ్‌తోనూ కలవాలి, కలవకపోతే తీసుకోవద్దు. రైతుకు అమ్మే సర్టిఫైడ్ విత్తనానికి నీలం ట్యాగ్, దాన్ని పండించడానికి వాడే ఫౌండేషన్ విత్తనానికి తెల్లది, దానికీ మూలమైన బ్రీడర్ విత్తనానికి పసుపుది, ఇది మా నాయన కాలం నుంచి ఉన్నదే, ఇప్పటికీ మొదట చూసేది అదే. విత్తనం పోసినంక సంచి, ట్యాగ్, బిల్లు పారెయ్యకండి, మొలక రాకపోతే నష్టపరిహారం అడగడానికి చేతిలో ఉండేవి అవే.

అందుకే అక్కా, కోడ్ ఒక్కటే ఉంటే దేనితో సరిచూసుకోవాలి? అచ్చు కూడా ఉంటేనే కోడ్‌కు విలువ.

దేవరకొండ_పొడులు

అందరికీ చాలా థాంక్స్. నడిగడ్డ తమ్ముడు చెప్పింది, టీచర్ గారు చెప్పింది మా సంఘంలో చదివి వినిపించా. ఫోటో సగం చేసి వెనక వైపు మొత్తం వివరాలకు ఇవ్వమని డిజైనర్‌కు చెప్పేశాం. అలర్జీ వాక్యం పదార్థాల కిందే, ముదురు అక్షరాల్లో, ఇంగ్లీషులో ఒకసారి, తెలుగులో ఒకసారి. కోడ్ అన్ని పొడులకూ వెనక వైపు కుడి కింది మూలన, తెల్ల ప్యాచ్ మీద.

ఇంకా మూడు అనుమానాలున్నాయి. ప్లాస్టిక్ గురించి ఏదో కొత్త రూల్ వచ్చిందని, అది క్యూఆర్ కోడ్‌లో పెట్టొచ్చని పౌచ్ ఫిల్మ్ అమ్మే ఆయన అన్నాడు, నిజమేనా? వాట్సాప్‌లోనూ ఆన్‌లైన్‌లోనూ అమ్మేటప్పుడు ఫోటో పెడితే సరిపోతుందా? తూనికలు కొలతల శాఖలో విడిగా రిజిస్టర్ చేసుకోవాలా?

లేబుల్స్_పాలమూరు

ప్లాస్టిక్ సంగతి నిజమే అక్కా. ప్లాస్టిక్ వేస్ట్ మేనేజ్‌మెంట్ రూల్స్‌కు 2025 జనవరిలో సవరణ చేశారు, 2025 జులై 1 నుంచి ప్లాస్టిక్ ప్యాకింగ్‌కు సంబంధించిన వివరాలు, అంటే రిజిస్ట్రేషన్ నంబరు, మందం లాంటివి, బార్‌కోడ్ లేదా క్యూఆర్ కోడ్‌లో గానీ, వస్తువుతో ఇచ్చే కాగితంలో గానీ, విడిగా కేటాయించిన నంబరు ద్వారా గానీ ఇవ్వొచ్చు. ఇది నిజంగా క్యూఆర్ కోడ్‌తో నెరవేరే నిబంధన. ఎందుకు కుదిరిందో చూడండి, ఫిల్మ్ మందం ఎన్ని మైక్రాన్లో కొనే ముందు ఎవరూ చూసుకోరు, చూడాల్సింది తనిఖీ చేసేవాళ్లూ రీసైక్లింగ్ వాళ్లూ. పౌచ్ ఫిల్మ్ ఇచ్చే ఆయన దగ్గర ఆయన రిజిస్ట్రేషన్ నంబరు బిల్లు మీద రాయించుకోండి.

ఆన్‌లైన్‌లో వేరేవాళ్ల సైట్ ద్వారా అమ్మితే ప్యాకెట్ మీదున్న వివరాలు ఆ పేజీలోనూ కనపడాలి, తయారైన నెల, సంవత్సరం తప్ప. వాట్సాప్ అయినా వెనక వైపు ఫోటో కూడా పెట్టండి, ముందు వైపు ఒక్కటే పెట్టకండి.

రిజిస్ట్రేషన్, అవును, ప్యాక్ చేసేవాళ్లు పని మొదలుపెట్టిన 90 రోజుల్లోపు తూనికలు కొలతల శాఖకు దరఖాస్తు చేసుకోవాలి, రూల్ 27. అడ్రసు లేబుల్ మీద ఎట్ల ఉందో దరఖాస్తులోనూ అట్లనే రాయండి, ఫుడ్ రిజిస్ట్రేషన్‌లో ఇంటి నంబరు ఒకలా, ఇందులో ఒకలా ఉంటే తర్వాత తిప్పలు.

కొత్త ప్రూఫ్ వచ్చాక ఇక్కడ పెట్టండి, అడ్రసు, ఫోన్ నంబరు మూసి. అక్షరాల ఎత్తు స్కేలు పెట్టి చూడాలి, కాబట్టి అసలు సైజులో ప్రింట్ తీసి, పక్కన స్కేలు ఉంచి ఫోటో తియ్యండి.